దీర్ఘరాత్రి వేడుక

ఏటా డిసెంబరు 21వ తేదీన గాని, 22వ తేదీన గాని మన గోళార్ధంలో పగలు మిక్కిలి చిన్నది, రాత్రి మిక్కిలి పెద్దది అవుతుంది. ఆనాడు సూర్యుడు భూమధ్యరేఖకు దక్షిణంగా సుమారు 23.5 డిగ్రీల దూరాన మకరరేఖకు నడినెత్తిన నిలిచి, అక్కడినుండి ఉత్తరదిశకు మరలుతాడు. విజయవాడలో ఆనాటి పగలు 11 గంటలకు కాస్త పైమాట. లండన్ నగరంలో 8 గంటలైనా ఉండదు. చీకటికి అంతగా జడియవలసిన అవసరం మనకు లేకపోవడంచేత గాబోలు, ఈ రోజును పేరు పెట్టి పండుగగా జరుపుకొనే వాడుక మన ఇండ్లలో లేదు.

అట్లని ఈ రోజుతో మనకు సంబంధమే లేదనుకోరాదు. జనవరి 14వ తేదీన గాని, 15వ తేదీన గాని మనం జరుపుకొనే మకర సంక్రాంతికి మూలం ఈ ఉత్తరాయణ ప్రవేశమే. సుమారు 1700 సంవత్సరాల క్రిందట ఈ రెండూ ఒకేనాడు కలిసివచ్చేవి. తిరుగుతున్న బొంగరపు తల ఊగినట్లు భూమి అక్షం మెల్లమెల్లగా దిశ మారుతూ ఉంటుంది. అందువల్ల నక్షత్రాలను బట్టి లెక్కించే సంక్రాంతి, ఋతువులను బట్టి వచ్చే ఉత్తరాయణానికి సుమారు 72 ఏండ్లకు ఒక డిగ్రీ చొప్పున, అనగా ఇంచుమించు ఒక రోజు చొప్పున, ఎడమవుతూ వచ్చింది. ఆచార్య మేఘనాథ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం ఈ తేడాను లెక్కలోనికి తీసుకున్నది. 1957 మార్చి 22న అమలులోకి వచ్చిన మన జాతీయ పంచాంగంలో పుష్యమాసం డిసెంబరు 22న మొదలు కావడానికి కారణం ఇదే.

ఇతర దేశాలలో ఈ దీర్ఘరాత్రికి ఉన్న ఆదరం చాల గొప్పది. ఇరాన్ దేశస్థులు దీనిని యల్దా రాత్రి అంటారు. బంధువులందరూ పెద్దల ఇంట చేరి, దానిమ్మపండ్లు, పుచ్చకాయలు పంచుకొని, హాఫిజ్ కవి పద్యాలు చదువుకుంటూ చాల ప్రొద్దుపోయేవరకు మేలుకొని ఉంటారు. ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ దేశాల పక్షాన ఈ ఆచారం 2022లో యునెస్కో వారి వారసత్వ పట్టికలో చేరింది. దక్షిణ చైనాలో ఈనాడు బియ్యపు పిండి ఉండలు ఉడికించి ఇంటిల్లిపాదీ కలిసి తింటారు. ఇంగ్లండులో సముద్రపు ఒడ్డున ఉన్న బ్రైటన్ పట్టణంలో ఒక కళాకారుల సంస్థ 1994లో ఒక ఊరేగింపును ఆరంభించింది. సన్నని బద్దలతోను, తెల్లని కాగితంతోను ప్రజలు తామే లాంతర్లు చేసుకొని, వీధులవెంట మోసుకొనిపోయి, చివరకు సముద్రతీరాన మంటలో వేయడం ఆ వేడుక పద్ధతి. ఏ మతంవారైనా, ఏ మతమూ పాటించనివారైనా సమానంగా కలిసే సందర్భం ఏడాదికి ఒకటైనా ఉండాలన్నది వారి ఉద్దేశం.

ఆ ఉద్దేశమే మా మనస్సుకు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పాలంటే, మా వీధిలో మా చేతుల మీదుగానే జరిగిన ఒక పొరపాటును ముందుగా చెప్పుకోవలసి ఉన్నది.

మా వీధిలో ముప్పయి ఇండ్ల వరకు ఉంటాయి. 2023 జనవరిలో, సంక్రాంతికి, వీధివారందరం కలిసి ముగ్గుల పోటీ ఏర్పాటు చేశాము. చందాలు ధారాళంగానే వచ్చాయి. మైకు కట్టించాము. బహుమతులకు స్టీలు గిన్నెలు కొన్నాము. చూచినవారందరూ చాల బాగున్నదన్నారు. ఆ రాత్రి జమాఖర్చులు వ్రాసుకొనే వేళ మా ఇంటివారు ఒక ప్రశ్న వేశారు. "వీధి వీధంతా వచ్చిందంటున్నారు. ఎవరు రాలేదో లెక్క చూచారా?"

చూచాము. కొస ఇంటి మామ్మగారు రాలేదు. ఆమెకు డెబ్బయి ఏండ్లు దాటాయి. ఇరవైయొక్క చుక్కల మెలికల ముగ్గును ఎక్కడా తడబడకుండా, వ్రేళ్ళ సందున పిండి సన్నని దారంవలె జారుతూ ఉండగా, పది నిమిషాలలో పూర్తిచేయగల చేయి ఆమెది. మా వీధిలో ముగ్గు నేర్చినవారిలో సగంమంది ఆమె వద్దనే నేర్చారు. కాని కరపత్రంలో "ముత్తైదువులందరికీ ఆహ్వానం" అని ఉన్నది. ఆ వాక్యం వ్రాసినది మేమే. మర్యాదగా ఉంటుందని వ్రాశామే గాని, భర్తను పోగొట్టుకొన్నవారి ముఖానికి ఎదురుగా తలుపు వేస్తున్నామని మాకు తోచలేదు. మరునాడు వారి ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పుకోబోగా, మామ్మగారు నవ్వి, "నేనెందుకు నాయనా, శుభమా అని పదిమందీ ముగ్గులు పెట్టుకుంటుంటే" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం ఏమీ లేదు. నిష్ఠూరంగా అన్నా మాకు అంత కష్టం కలిగి ఉండేది కాదు.

రానివారి పట్టిక అక్కడితో ముగియలేదు. రెండు ముస్లిం కుటుంబాలవారు, ఒక క్రైస్తవ కుటుంబంవారు చందా ఇచ్చి తలుపు వేసుకొన్నారు. ఇది మీ పండుగ, మధ్యను మేమెందుకని వారి అభిప్రాయం. మేడ వెనుక గదిలో అద్దెకు ఉండే అంధ యువకుడు ఒకరున్నారు. రేడియో వదలని శ్రోత. ముగ్గుల పోటీలో తనకేమి పని అని ఆయన బయటికే రాలేదు. ఆ ఉదయం తలపై రాగి పాత్రతో, చేత చిడతలతో హరిదాసు మా వీధికి వచ్చాడు. మేము కట్టించిన మైకులో సినిమా పాటలు హోరెత్తుతున్నాయి. కొంతసేపు నిలబడి, తన పాట తనకే వినబడక, మరలిపోయాడట. ఇక కాలువ అవతలి పేటలోని డప్పు కళాకారులను పిలవాలన్న ఆలోచన ఎవరికీ రానే లేదు. వారు మా వీధికి వచ్చేది ఎవరైనా పోయినప్పుడు మాత్రమే.

ఇంటి పండుగకు ఇంటి ఆచారం ఉంటుంది. అందులో తప్పు పట్టవలసినది లేదు. భోగిమంట వేసేవారు వేయవచ్చు, బొమ్మల కొలువు పెట్టేవారు పెట్టవచ్చు. కాని అందరి వద్దా చందా పుచ్చుకొని, అందరూ నడిచే వీధిలో జరిపే వేడుకకు మాత్రం అందరిదీ అనిపించుకొనే బాధ్యత ఉన్నది. ఇందుకు సంక్రాంతి కంటె ఈ దీర్ఘరాత్రి అనుకూలమైనదని మాకు తోచింది. సూర్యుడు మరలే దినంపై ఏ దేవాలయానికీ, ఏ మసీదుకూ, ఏ చర్చికీ ప్రత్యేకమైన హక్కు లేదు. పైగా అప్పటికి ధనుర్మాసం వచ్చి ఐదారు రోజులై, హరిదాసులు, గంగిరెద్దులవారు ఊళ్ళలో తిరుగుతూ ఉంటారు. క్రిస్మస్ మూడు నాలుగు రోజులలో ఉన్నందున క్రైస్తవుల ఇండ్లకు కాగితపు నక్షత్రాలు వ్రేలాడుతూ ఉంటాయి. పల్లెలలో వరి ఇంటికి చేరుతూ ఉంటుంది. అందరి ఇండ్లలోను ఏదో ఒక సన్నాహం సాగే వేళ అది.

2023 డిసెంబరు 22వ తేదీ, శుక్రవారం సాయంత్రం మొదటి దీర్ఘరాత్రి వేడుక జరిపాము. అనుభవం మీద తేలిన సంగతులు కొన్ని శ్రోతల ముందు ఉంచుతున్నాము.

మొదటిది పిలుపు. ఈసారి కరపత్రం అచ్చువేయించలేదు. ఇద్దరిద్దరు చొప్పున ఇంటింటికీ వెళ్ళి నోటితో పిలిచాము. "మీ ఇంట ఉన్నవారందరూ, మీ ఇంట పనిచేసేవారూ రావాలి" అన్నాము. ఇంట పనిచేసేవారు అన్న ఆ ఒక్క మాటకు పదిపన్నెండు మంది అదనంగా వచ్చారు. ఏడాది పొడుగునా ఆ వీధిని ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసేవారు నిజానికి వారే.

రెండవది ముగ్గు. పోటీ మానివేశాము. వీధి పొడుగునా ఒకే ముగ్గు, ఎవరి గుమ్మం ముందు భాగం వారు వేయాలి, ప్రక్క ఇంటివారి ముగ్గుతో గీత కలపాలి అన్నదే నియమం. మగవారు, మగపిల్లలు కూడ వంగవలసి వచ్చింది. వంకరలు చాల వచ్చాయి, నవ్వులూ వచ్చాయి. మొదటి చుక్క మామ్మగారు పెట్టాలని వీధిలోని ఆడవారందరూ వారి ఇంటికి వెళ్ళి పట్టుపట్టారు. ఆమె చాలసేపు ఒప్పుకోలేదు. "మీకు మంచిది కాదమ్మా" అన్నారు. చివరకు ఆమె వద్ద ముగ్గు నేర్చుకొన్న కోడలుపిల్ల ఒకతె పిండి గిన్నె తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "మామ్మా, మీరు వేసినదాన్ని చూచే కదా మా ఇంట రోజూ ముగ్గు పడుతున్నది. ఈ నాలుగేండ్లలో మాకేమి చెడ్డ జరిగింది?" అన్నది. మామ్మగారు బదులు చెప్పలేదు. వంగి చుక్క పెట్టారు.

కనుచూపు లేనివారికి ముగ్గు ఎట్లా చూపాలన్న సమస్యను మా వృత్తిధర్మంగా మేమే పైన వేసుకొన్నాము. కంటికి కనబడనిదాన్ని మాటతో చూపడమే రేడియోవారి పని కదా! కాని మాట ఒక్కటే చాలదని తెలిసింది. ఒక చెక్కపలకపై బంక పూసి, చుక్కలకు శనగలు, గీతలకు పెసలు అతికించి, ఆరబెట్టి యువకుని చేతికి ఇచ్చాము. ఆయన వ్రేళ్ళతో చుక్కచుట్టూ తిరిగే మెలికను అనుసరిస్తూ పోయి, బయలుదేరిన చోటికే తిరిగి వచ్చి, "అంటే దీనికి మొదలూ కొసా లేవన్నమాట" అన్నారు. ఏండ్ల తరబడి ముగ్గులు చూచిన మాకు ఆ సంగతి అంత స్పష్టంగా ఎన్నడూ తోచలేదు.

మూడవది కళాకారుల గౌరవం. హరిదాసును, గంగిరెద్దుల మేళాన్ని మనం చాలకాలంగా యాచకుల క్రింద జమకట్టుతున్నాము. దోసెడు బియ్యం పోసి, పాట పూర్తి కాకముందే లోపలికి పోతున్నాము. హరిదాసు తంబుర, చిడతలు, కాలి గజ్జెలు మూడింటినీ ఒక లయలో నడుపుతూ, తలపై పాత్ర తొణకకుండా పాడుతాడు. ఇది ఏండ్ల సాధన లేనిదే అబ్బేది కాదు. ఎద్దు సన్నాయి స్వరానికి తల ఊపి, డోలు దెబ్బకు అడుగు వేయడం వెనుక ఎంతటి శిక్షణ ఉన్నదో ఆలోచించండి. కనుక వారం ముందుగా వారిని కలుసుకొని, వేళ చెప్పి, ఇచ్చే సొమ్ము చెప్పి, అందులో సగం అప్పుడే చేతిలో పెట్టాము. శాలువలు కప్పే తతంగం పెట్టుకోలేదు. శాలువ కప్పి దారిఖర్చు మరచిపోయిన సభలు మేము చాల చూచాము. హరిదాసు పాడిన ఇరవై నిమిషాలు మైకు కట్టివేశాము. వీధి అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ గొంతుకు మైకు అవసరమే కలుగలేదు.

నాలుగవది డప్పు. దీనివద్దనే చిక్కు వచ్చింది. డప్పు చర్మం మంచుకు చల్లబడితే నాదం మందగిస్తుంది. వాయించేముందు మంట సెగకు కాచుకోవాలి. అందుకని వీధి మధ్యన కట్టెలతో మంట వేశాము. కాలువ అవతలి పేటనుండి ఆరుగురు కళాకారులు వచ్చి, వీధి మొగలో ఆగి, వారిలో పెద్దాయన, "ఎక్కడ నిలబడమంటారయ్యా?" అని అడిగారు. "నిలబడడం దేనికి, పెద్దాయనా? మంట దగ్గర కుర్చీలున్నాయి. వచ్చి కూర్చోండి, టీ పుచ్చుకోండి" అన్నాము. అంతలో ఒక ఇంటివారు మమ్మల్ని ప్రక్కకు పిలిచి, ఇండ్ల ముందు శుభమా అని ముగ్గులు పెట్టి చావు డప్పు వాయించడమేమిటని అభ్యంతరం చెప్పారు. డప్పు చావుకు మాత్రమే మ్రోగేది కాదనీ, పెండ్లి ఊరేగింపులకూ జాతరలకూ మ్రోగుతుందనీ, అన్నింటికీ కావలసిన వాద్యమే గాని వాయించే మనిషి అక్కరలేదనడం న్యాయం కాదనీ మనవి చేశాము. వారు సమాధానపడలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకొన్నారు. మేము డప్పు ఆపలేదు. మంట చుట్టూ పిల్లలు చేరి, ఆ ఆరుగురి అడుగులో అడుగు వేయడానికి ప్రయత్నించి, అలసి కూలబడేవరకు ఆడారు. భోజనాల వేళ పంక్తి ఒక్కటే. వండినది పులిహోర, పెరుగన్నం, నువ్వుల ఉండలు. ఎవరికీ ఏ నియమమూ అడ్డురాని వంటకాలే ఎంచుకొన్నాము. వడ్డన వంతులవారీగా అందరూ చేశారు.

ఐదవది, ఎవరి కళ వారినే అడిగి తెలుసుకోవడం. క్రైస్తవ కుటుంబంవారు వెదురుబద్దలతో నక్షత్రం కట్టడం పిల్లలకు నేర్పారు. ముస్లిం కుటుంబంలోని తాతగారిని ఏమైనా పాడమని అడిగితే, ఖవ్వాలీ పాడుతారేమోనని మేము ఎదురుచూస్తూ ఉండగా, ఆయన లేచి బుర్రకథ ఎత్తుకొన్నారు! బాల్యంలో షేక్ నాజర్ గారి కథలు విని నేర్చుకొన్నారట. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టి, 1986లో పద్మశ్రీ అందుకొన్న నాజర్ గారు పల్నాటి వీరచరిత్ర చెబుతూ ఉంటే తెలుగునాడు తెల్లవార్లూ మేలుకొన్న సంగతి పెద్దలకు తెలిసినదే. ఎవరి నుండి ఏ కళ వస్తుందో మనంతట మనమే ఊహించి పెట్టుకోరాదని మాకు ఆ రాత్రి తెలిసివచ్చింది.

తోలుబొమ్మలాట సంగతీ అంతే. దానికి పేరుపొందిన కుటుంబాలలో మరాఠీ ఇంటిభాషగా గలవారున్నారు. రాయలసీమలోని నిమ్మలకుంట గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావు గారు ఈ కళకు 2020లో పద్మశ్రీ పొందారు. రెండవ ఏడు, 2024 డిసెంబరు 21, శనివారంనాడు, మా వీధి పిల్లలు తెల్లని పంచె ఒకటి తెరగా కట్టి, వెనుక దీపం పెట్టి, అట్టముక్కలతో కత్తిరించిన బొమ్మలతో చిన్న ఆట ఆడారు. కేతిగాడి చేయి మధ్యలో ఊడిపోయింది. ఆ ఊడిన చేయినే వారు హాస్యంగా మలుచుకొన్నారు. సంవత్సరంలో అతి పొడుగైన చీకటికి ఇంతకంటె తగిన ఆట మరొకటి లేదు.

ఇటువంటి వేడుక తలపెట్టేవారికి కొన్ని జాగ్రత్తలు. ఆనాడు విజయవాడ ప్రాంతంలో సుమారు 5 గంటల 40 నిమిషాలకే ప్రొద్దు క్రుంకుతుంది. ముగ్గు నాలుగింటికే మొదలుపెట్టాలి. బహిరంగ ప్రదేశాలలో రాత్రి 10 గంటలనుండి ఉదయం 6 గంటలవరకు ధ్వనివర్ధకాలను సాధారణంగా 2000 సంవత్సరపు నిబంధనలు నిషేధిస్తున్నాయి. అంతవరకు పోక తొమ్మిదిన్నరకు ముగించడం వృద్ధులకు, పసిపిల్లలకు, పరీక్షలకు చదువుకొనేవారికి మేలు. మంటలో టైర్లు, ప్లాస్టిక్కు వేయరాదు. కరెంటు తీగల క్రింద మంట పెట్టరాదు. ఇసుక బకెట్లు రెండు, నీళ్ళ డ్రమ్ము ఒకటి దగ్గర ఉండాలి. చక్రాల కుర్చీలో వచ్చేవారికి మెట్లు లేని చోట, ముందు వరుసలో స్థలం విడవాలి. వెనుక విడిచిన స్థలం స్థలం కాదు. వసూలైన సొమ్ములో పెద్ద భాగం కళాకారులకు, ఆ తరువాత భోజనానికి, మిగిలితేనే అలంకారాలకు. జమాఖర్చులు మరునాడే వీధిలో అందరికీ కనబడేచోట అంటించాలి.

ఇంత చేసినా అంతా సరిపోయిందని చెప్పలేము. తలుపు వేసుకొన్న ఆ ఇంటివారు రెండవ ఏడు కూడ రాలేదు. వారి మనుమడు మాత్రం వచ్చి, మంట ఆరేవరకు డప్పు దగ్గరనే కూర్చున్నాడు. ఎనిమిదిన్నరకు లోపలినుండి పిలుపు వచ్చింది. వెళ్ళిపోయాడు. వాని తాతగారిని ఈ ఏడు కూడ మేమే వెళ్ళి పిలుస్తాము. రావడం, రాకపోవడం వారి ఇష్టం. పిలవకపోవడం మాత్రం మా తప్పు అవుతుంది.

మామ్మగారికి మోకాళ్ళ నొప్పులు ఎక్కువైనాయి. 2024లో ఆమె వంగలేకపోయారు. వీధి మధ్యను పీట వేసుకొని కూర్చుండి, చేతికర్రతో చూపుతూ ఉంటే పిల్లలు చుక్కలు పెట్టారు. "ఆ వరుసలో ఒకటి తక్కువైంది, చూడు" అని ఆమె అనడం వీధి చివరివరకు వినబడింది.

మొదటి ఏటి పుస్తకంలో జమ, ఖర్చు అని రెండు కాలములే గీచుకొన్నాము. ఇప్పుడు మొదటి పుటలో, అన్నింటికంటె ముందు, రానివారి పేర్లు వ్రాసుకొంటున్నాము. డిసెంబరు వచ్చేలోగా ఆ పట్టికలోని ప్రతి గుమ్మం ఎక్కడం మా పని. శ్రోతలు తమ వీధులలో ఈ ప్రయత్నం చేయదలచినట్లయితే, చందా పుస్తకం కొనకముందే ఆ పట్టికతో ఆరంభించవలసిందిగా మా మనవి.